బంతి నుంచి బల్ల దాకా: సముద్రపు ఒడ్డున ఫ్రెంచి హోటల్, మన కూర్చునే హక్కు

(తిండి - అంటు - చరిత్ర: 9వ భాగం)



విదేశాల్లో చదువుకుంటున్న మన పిల్లలు పెట్టే ఫోటోల్లో ఒక రకం ఫోటో ఈ మధ్య ఎక్కువగా కనపడుతోంది. వెనక సముద్రం. ఇసుకలోనే వేసిన చెక్క బల్ల. బల్ల మీద చేప, రొట్టె, పక్కన ఫ్రెంచిలో రాసిన మెనూ. చెప్పులు విడిచి ఇసుకలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మన పిల్లోడో, పిల్లో. కింద రాసే మాట మాత్రం దాదాపు ఒకటే: "ఇక్కడ ఎవరూ ఏ కులమని అడగలేదన్నా."

ఈ ఫోటోలను చూసి ఎగతాళి చేసేవాళ్ళున్నారు. స్కాలర్‌షిప్ డబ్బుతో సోకులా అని అడిగేవాళ్ళున్నారు. నేను ఆ మాట అనను. దొర్నిపాడు, ఆళ్ళగడ్డ, కోయిలకుంట్ల పల్లెల్లో, గేరిలో పుట్టిన మనిషికి బల్ల ముందు నిశ్చింతగా కూర్చోవడం చిన్న సంగతి కాదు. కాకపోతే ఆ సంతోషాన్ని సముద్రపు గాలికీ తెల్లోళ్ళ మంచితనానికీ రాసిచ్చేయొద్దు. డబ్బిచ్చిన ఎవరైనా కూర్చోవచ్చన్న రూలుకు ఒక చరిత్ర ఉంది. ఆ బల్ల మీదికొచ్చే వస్తువులకు ఇంకో చరిత్ర ఉంది. రెండోదాంట్లో మన తెలుగు కూలీలున్నారు. ఈ భాగంలో ఆ రెండూ చెప్పుకుందాం.

ఎముకల చారు పేరు

"రెస్టారెంట్" అన్న ఫ్రెంచి మాటకు మొదట్లో అర్థం తినే చోటు కాదు. అది ఒక చారు పేరు. మాంసం, ఎముకలు గంటల తరబడి ఉడికించి దించే చిక్కటి చారు. నీరసపడిన ఒంటికి సత్తువ తిరిగి తెస్తుందని ఆ పేరు పెట్టారు. 1760ల్లో పారిస్‌లో ఈ చారు అమ్మే అంగళ్ళు మొదలయ్యాయి. పోనుపోను చారు పేరే అంగడి పేరైంది.

మన గేరిలో జ్వరం పడి లేచినోళ్ళకు అవ్వ కాచిపోసేది కూడా ఎముకల చారే. ఆ వాసనకు ముక్కు మూసుకున్నోళ్ళు ఈరోజు పట్నంలో రెస్టారెంట్ బోర్డు కింద టోకెన్ తీసుకుని నిలబడుతున్నారు. ఆ బోర్డు మీదున్న మాటకు అసలు అర్థం ఏమిటో ఒకసారి వాళ్ళకు చెప్పండి.

ఈ అంగళ్ళు తెచ్చిన మార్పు రుచిలో కంటే కూర్చునే పద్ధతిలో ఎక్కువ. అంతకు ముందు పారిస్ సత్రాల్లో ఒకటే పొడవాటి బల్ల ఉండేది. చెప్పిన వేళకు రావాలి, పెట్టింది తినాలి. రోజూ వచ్చే పాతకాపులకే మంచి చోటు, మంచి ముక్క. కొత్తగా వచ్చిన చారు అంగట్లో ఎవరి బల్ల వాళ్ళది. ఎప్పుడైనా రావచ్చు. ఏమేమున్నాయో, ఏది ఎంతో కాగితం మీద రాసి ఉంటుంది. 1789 విప్లవం వచ్చింది. 1791లో వృత్తి సంఘాల గుత్తహక్కులు రద్దయ్యాయి. పారిపోయిన జమీందార్ల ఇళ్ళల్లో పనిచేసిన వంటవాళ్ళలో కొందరు సొంతంగా అంగళ్ళు పెట్టుకున్నారు. దొర ఇంట్లో దొర మాత్రమే తినే కూర ఇప్పుడు డబ్బిచ్చినోడికి దొరికింది.

డబ్బు లేనోడు అప్పుడూ బయటే ఉన్నాడు, ఇప్పుడూ బయటే ఉన్నాడు. అది మరిచిపోవద్దు. అయినా మెనూ కార్డును తక్కువగా చూడొద్దు. వచ్చినోడు ఎవరైనా ధర ఒకటేనని ముందే రాసిపెట్టిన కాగితం అది. జేబు అడిగింది గానీ పుట్టుక అడగలేదు.

బంతిలో చోటు

మన దగ్గర తిండి చరిత్ర బల్ల చుట్టూ తిరగలేదు, బంతి చుట్టూ తిరిగింది. బంతి అంటే వరస. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలి, ఎవరికి ముందు వడ్డించాలి, ఎవరు బంతి లేచాక దూరంగా కూర్చోవాలి అన్నవి తేల్చేది కులం. "బంతిలో వలపక్షం" అన్న మాట మన నుడికారంలో ఊరికే పుట్టలేదు. కులం నుంచి వెలివేసిన మనిషిని "పంక్తిబాహ్యుడు" అన్నారు. వరసలో చోటు పోతే లోకంలోనే చోటు పోయినట్టు. మనకు ఆ వరసలో మొదటి నుంచీ చోటే లేదు కాబట్టి మనల్ని బయటికి పంపే పని కూడా వాళ్ళకు పడలేదు.

దీన్ని మార్చాలని చూసినవాళ్ళు మన చరిత్రలో లేకపోలేదు. పల్నాటి బ్రహ్మనాయుడి చాపకూడు, మాల కన్నమదాసు పేరు అందరికీ తెలిసిందే. జాతీయోద్యమ కాలంలో సహపంక్తి భోజనాలు జరిగాయి. వాటిని తీసిపారేయను. కానీ ఒక తేడా గమనించండి. చాపకూడుకైనా, సహపంక్తికైనా పిలిచేవాడు ఒకడుండాలి. మనం వెళ్ళి కూర్చుంటే పేరు పిలిచినవాడికి వస్తుంది. మర్నాడు బంతి మళ్ళీ బంతే, గేరి మళ్ళీ గేరే.

పిలవని పేరంటానికి పోకూడదంటారు పెద్దలు. హోటల్ అనేది పిలుపు అక్కర్లేని పేరంటం. అందుకే కులానికి హోటల్ అంటే భయం. అందుకే మన పట్నాల్లో మొదట వచ్చిన కాఫీ హోటళ్ళు చాలావాటికి బోర్డు మీదే "బ్రాహ్మణ" అన్న మాట తగిలించారు. మద్రాసు ట్రిప్లికేన్‌లో ఒక హోటల్ బోర్డు మీద ఆ మాట తీసేయించడానికి 1957లో, అంటే రాజ్యాంగం వచ్చిన ఏడేళ్ళ తర్వాత, పెరియార్ మనుషులు ఉద్యమం నడపాల్సి వచ్చింది.

వెనీలా కనిపెట్టిన పిల్లోడు

ఇప్పుడు బల్ల మీదికొచ్చే వస్తువుల సంగతి. ఫ్రెంచి భోజనం చివర్లో వెనీలా వేసిన తీపి వస్తుంది, కాఫీ వస్తుంది, కాఫీలోకి చక్కెర వస్తుంది. ఈ మూడింటి కథా ఒక్క దీవిలోనే దొరుకుతుంది. పేరు రీయూనియన్. మడగాస్కర్‌కు తూర్పున, మారిషస్ పక్కన, మన హిందూ మహాసముద్రంలోనే ఉంది. 1946 నుంచి అది ఫ్రాన్స్‌లో ఒక జిల్లాతో సమానం. అక్కడ సముద్రం ఒడ్డున ఫ్రెంచి హోటల్ అంటే నిజంగా ఫ్రాన్స్ లోపలి హోటలే.

ఆ దీవి పాత పేరు బూర్బోన్. 18వ శతాబ్దంలో కాఫీ తోటలు, 19వ శతాబ్దంలో చెరకు తోటలు. పని చేసింది ఆఫ్రికా, మడగాస్కర్ నుంచి తెచ్చిన బానిసలు. కొందరిని మన దేశపు తీరాల నుంచి కూడా తీసుకుపోయారు.

1829లో అక్కడ సెంట్ సూజాన్ అనే ఊళ్ళో ఒక బానిస తల్లికి ఎడ్మండ్ పుట్టాడు. పురిట్లోనే తల్లి చనిపోయింది. బానిస పిల్లోడు కాబట్టి ఇంటిపేరు లేదు. ఆ రోజుల్లో వెనీలా తీగ మెక్సికో నుంచి తెచ్చి ఆ దీవిలో నాటారు గానీ పూలు పూసి రాలిపోయేవి, కాయ పట్టేది కాదు. మెక్సికోలో ఆ పువ్వుకు పరాగం అందించే ఈగలు ఇక్కడ లేవు. పెద్ద పెద్ద వృక్షశాస్త్రజ్ఞులు తలలు పట్టుకున్నారు. 1841లో, పన్నెండేళ్ళ వయసులో, ఎడ్మండ్ ఒక సన్నటి పుల్లతో పువ్వు లోపలి పొరను పైకెత్తి, బొటనవేలితో పుప్పొడిని అద్దాడు. కాయ పట్టింది. యజమాని పిల్లోణ్ణి పక్క తోటలకు పంపి అందరికీ నేర్పించాడు. ఈరోజుకూ ప్రపంచంలో వెనీలా సాగు నడుస్తున్నది ఆ చేతి పద్ధతి మీదే. ఆ దీవి పేరుతోనే "బూర్బోన్ వెనీలా" అన్న రకం ప్రసిద్ధికెక్కింది. తోటల యజమానులు కోట్లకు పడగెత్తారు.

మరి ఎడ్మండ్? 1848లో బానిసత్వం రద్దయ్యాక విడుదలయ్యాడు. అప్పుడు ఆల్బియస్ అని ఒక ఇంటిపేరు తగిలించారు. పట్నంలో నౌకరీ చేశాడు. దొంగతనం కేసులో జైలుకెళ్ళాడు, అతను చేసిన మేలును గుర్తుచేసి అర్జీ పెడితే ముందుగా బయటికి వచ్చాడు. 1880లో పేదరికంలోనే చనిపోయాడు. అతను బతికి ఉండగానే ఒక తెల్ల శాస్త్రజ్ఞుడు అది తన పద్ధతేనని చెప్పుకున్నాడు కూడా. బానిస పిల్లోడి బుర్రకు అంత తెలివి ఎక్కడిదన్నది వాళ్ళ అనుమానం.

ఈ అనుమానం మనకు కొత్తది కాదు. తోలు నానబెట్టి, తంగేడు చెక్కతో ఊనే పద్ధతి కనిపెట్టిన మాదిగలను శాస్త్రజ్ఞులని ఎవరు పిలిచారు? మోట బావికి తోలు బొక్కెన కుట్టిన చేతికి పంటలో వాటా ఎంత ఇచ్చారు?

యానాం ఓడ

1848 డిసెంబర్ 20న సార్దా గారిగా అనే అధికారి రీయూనియన్‌లో విడుదల ప్రకటన చదివాడు. అరవై వేల మందికి పైగా బానిసలు విడుదలయ్యారు. నష్టపరిహారం మాత్రం ఫ్రాన్స్ ప్రభుత్వం యజమానులకిచ్చింది, బానిసలకు కాదు. చెరకు తోటలకు మళ్ళీ చేతులు కావాలి. ఆ చేతుల కోసం మన వైపు చూశారు.

నిజానికి ఆ చూపు ఇంకా పాతది. 1828లోనే మన గోదావరి పాయ మీదున్న యానాం నుంచి పదిహేను మంది తెలుగు కూలీలు ఒప్పందం మీద ఆ దీవికి వెళ్ళారు. ఫ్రెంచి కాగితాల్లో వాళ్ళ పేరు "తెలింగా". ఫ్రెంచి వలసలకు ఒప్పంద కూలీలుగా వెళ్ళిన తొలి భారతీయులు వాళ్ళే. ఆ తర్వాత ఒకటి రెండేళ్ళలో ఇంకా చాలామందిని పంపారు. చెప్పిన జీతం లేదు, చెప్పిన తిండి లేదు, కొట్టడం మాత్రం ఉంది. గొడవలయ్యాయి, చాలామంది వెనక్కి వచ్చారు, ఆ మొదటి ప్రయత్నం ఆగిపోయింది. 1860లో ఇంగ్లీషోళ్ళకూ ఫ్రెంచోళ్ళకూ ఒప్పందం కుదిరాక మాత్రం పెద్ద ఎత్తున పుదుచ్చేరి, కారైకాల్, యానాం రేవుల నుంచి ఓడలు నడిచాయి. అక్కడి చావులు, హింస చూసి 1882లో ఇంగ్లీషు ప్రభుత్వమే ఆపేసింది. మొత్తం మీద ఆ శతాబ్దంలో రీయూనియన్‌కు వెళ్ళిన భారతీయులు లక్షకు పైనే.

మనుషులను ఓడ ఎక్కించింది అప్పు, వెట్టి, కరువు. మన సీమ లెక్కే చూడండి. 1876-78 ధాత కరువు నడుమన వచ్చిన ఆ పదేళ్ళలో, అంటే 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య, కర్నూలు జిల్లా జనంలో దాదాపు నాలుగో వంతు తగ్గిపోయారు. చచ్చినోళ్ళు చచ్చారు, పోగలిగినోళ్ళు ఎటో పోయారు. గేరిలోనే ముందు కుండ ఖాళీ అవుతుందని వేరే చెప్పక్కర్లేదు.

ఆ దీవిలో తెలుగోళ్ళ పేరు పెద్దగా మిగల్లేదు. వచ్చినోళ్ళు తమిళులైనా తెలుగోళ్ళైనా అందరినీ కలిపి "మలబార్లు" అన్నారు. భాష పోయింది, ఊరి పేర్లు పోయాయి. తిండి మాత్రం మిగిలింది. ఈరోజు రీయూనియన్ హోటల్ మెనూలో ఫ్రెంచి వంటల పక్కనే "కారీ" ఉంటుంది, "మసాలే" ఉంటుంది. అది మన కూరే, మన మసాలానే. ఓడ దిగిన కూలీ చేతి కూర ఇప్పుడు ఫ్రెంచి మెనూ ఎక్కింది. కూలీ పేరు మాత్రం ఎక్కడా ఎక్కలేదు.

ఇసుక ఎవరిది

ఆ దీవి పడమటి ఒడ్డున, లెర్మితాజ్ అనే చోట ఇసుక మీద హోటళ్ళుంటాయి. ఆదివారం వస్తే అదే ఒడ్డున సరుగుడు చెట్ల కింద వేలమంది స్థానికులు కుటుంబాలతో దిగుతారు. పెద్ద పెద్ద డేగిసాలు, బియ్యం, కారీ. బానిసల మనవలు, కూలీల మనవలు. హోటల్లో తినే స్తోమత లేకపోయినా సముద్రం ముందు కూర్చుని తింటారు. వాళ్ళను లేవమనే హక్కు హోటల్ యజమానికి లేదు. ఫ్రాన్స్‌లో సముద్రపు ఒడ్డు ప్రజల ఆస్తి. 1681 నాటి రాజశాసనం దాన్ని ఎవరూ సొంతం చేసుకోకుండా ఆపింది. 1986 తీరప్రాంత చట్టం నడిచివచ్చే ప్రతి మనిషికీ దారి ఉండాలని చెప్పింది. ఇసుక మీద కట్టుకున్న హోటళ్ళను తీసేయమని అక్కడి కోర్టులు చెప్పిన సందర్భాలున్నాయి.

ఇది చదవగానే మనకు మహద్ గుర్తుకు రావాలి. 1927 మార్చి 20న బాబాసాహెబ్ చవదార్ చెరువులో దిగి దోసిట నీళ్ళు తీసుకున్నది ఈ సూత్రం కోసమే. నీళ్ళ ఒడ్డు అందరిది.

బరోడా సత్రం నుంచి 15వ అధికరణం

బాబాసాహెబ్ కూడా ఒకప్పుడు విదేశాల్లో చదువుకునే విద్యార్థే. 1913లో న్యూయార్క్ వెళ్ళాడు, అక్కడి నుంచి లండన్. ఆ ఏళ్ళల్లో తాను అంటరానివాడినన్న సంగతే మనసులోంచి చెరిగిపోయిందని ఆయనే రాసుకున్నాడు. మన పిల్లలు ఫోటో కింద రాసే మాట నూరేళ్ళ కిందట ఆయన మనసులోనూ ఉంది.

1917లో తిరిగొచ్చి బరోడాలో ఉద్యోగానికి దిగితే మొదటి ప్రశ్న తిండీ పడకే. విశీలని పిలిచే హిందూ హోటళ్ళలో కులం దాచకుండా చోటు దొరకదు. రోజుకు రూపాయిన్నర ఇచ్చి పార్సీ సత్రంలో పార్సీ పేరుతో దిగాడు. పదకొండో రోజు పొద్దున డజను మంది పార్సీలు కర్రలతో వచ్చి సాయంత్రానికల్లా ఖాళీ చేయమన్నారు. హిందూ స్నేహితుడు ఇంట్లో పెట్టుకోలేనన్నాడు, క్రైస్తవ స్నేహితుడు తప్పించుకున్నాడు. కొలంబియాలో చదివొచ్చిన మనిషి ఒక తోటలో ఐదు గంటలు కూర్చుని రాత్రి బొంబాయి రైలెక్కాడు.

ఆ మనిషే అధ్యక్షుడిగా తయారైన రాజ్యాంగంలో 15వ అధికరణం రెండో భాగం ఇప్పుడు తెరిచి చదవండి. మొదటి ముక్క: దుకాణాలు, రెస్టారెంట్లు, హోటళ్ళు, వినోద స్థలాలు. రెండో ముక్క: బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు. కులం, మతం, జాతి, లింగం, పుట్టిన చోటు పేరుతో వీటిలోకి ఎవరినీ ఆపకూడదు. బల్లా ఉంది, నీళ్ళ ఒడ్డూ ఉంది. ఎముకల చారుకు పెట్టిన ఆ ఫ్రెంచి మాట మన రాజ్యాంగంలో ప్రాథమిక హక్కుగా కూర్చుంది. 1948 నవంబర్ 29న రాజ్యాంగ సభలో ఈ అధికరణం మీద చర్చ జరిగినప్పుడు దుకాణం అంటే ఏమిటని సభ్యులడిగారు. డబ్బు తీసుకుని సేవ చేసే ఏ చోటైనా అందులోకి వస్తుందని బాబాసాహెబ్ విశాలంగా అర్థం చెప్పాడు.

అమెరికాలో ఇదే హక్కు చట్టంలోకి రావడానికి 1964 దాకా పట్టింది. 1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు హోటల్ కౌంటర్ ముందు కూర్చుని కాఫీ అడిగారు. ఇవ్వలేదు. లేవలేదు. ఆ కూర్చోవడం నుంచి దేశమంతా ఉద్యమం లేచింది. కాగితం మీద మనం వాళ్ళకంటే పద్నాలుగేళ్ళు ముందున్నాం. కూర్చోవడంలో ఎక్కడున్నామో మనకు తెలుసు.

అడగంది ఎవరు, అడిగింది ఎవరు

"ఇక్కడ ఎవరూ కులం అడగలేదు" అన్న మాటలో ఆ "ఎవరూ" ఎవరో కూడా చూడాలి. ఫ్రెంచి వెయిటర్ అడగలేదు, నిజమే. అతనికి రంగు తెలుసు, పాస్‌పోర్ట్ తెలుసు, కులం తెలియదు. అదే ఊళ్ళో గది వెతుక్కునేటప్పుడు మన తెలుగోళ్ళు ఏమడుగుతారు? "ఇంటిపేరేంటి? ఊళ్ళో మీ ఇల్లు ఎటువైపు? వెజ్జా, నాన్‌వెజ్జా?" మూడు ప్రశ్నల్లో కూపీ లాగేస్తారు. 2020లో కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ ఒకటి కులవివక్ష ఆరోపణ మీద కోర్టుకెక్కింది. 2023 ఫిబ్రవరిలో సియాటెల్ నగరం కులవివక్షను నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన బిల్లును గవర్నర్ తిప్పికొట్టాడు. సముద్రం దాటితే కులం మునిగిపోదు. సూట్‌కేసులో పచ్చడి సీసా పక్కనే వస్తుంది.

మన దగ్గర గ్లాసు

చివరికి మన కుందూ ఒడ్డుకు, కేసీ కాలువ కిందికి వద్దాం. తెలుగులో హోటల్ అంటే పడుకునే చోటు కాదు, ఉగ్గాని బజ్జీ తిని టీ తాగే చోటు. ఆ టీ అంగళ్ళలోనే ఆంధ్ర పల్లెల్లో రెండు గ్లాసులు నడిచాయి. ఒకటి లోపల, ఒకటి చూరు కింద. తాగి మనమే కడిగి పెట్టాలి. కుల వివక్ష వ్యతిరేక పోరాట సంఘం లాంటి సంఘాలు దీని మీద ఏళ్ళ తరబడి ఊరూరా తిరిగి పోరాడాయి. తర్వాత కాగితం కప్పు వచ్చింది. గ్లాసు గొడవ పోయింది, సమస్య తీరిందన్నారు. కప్పు మారింది సరే, బెంచీ సంగతేంది? కప్పు చేతిలో పెట్టుకుని మనోళ్ళు రోడ్డు మీద ఎందుకు నిలబడి తాగుతున్నారు? ఎవరూ ఆపడం లేదు కదా అంటారు. ఎవరూ ఆపనక్కర్లేకుండా కాళ్ళే ఆగేటట్టు చేయడం కులం చేసే పని.

చట్టం ఏం చెబుతుందో తెలుసుకోండి. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం, 1976 తర్వాత పౌరహక్కుల పరిరక్షణ చట్టం. దాని 4వ సెక్షన్ హోటల్లోకి రానివ్వకపోవడాన్నే కాదు, అక్కడి పాత్రలు వాడనివ్వకపోవడాన్ని కూడా నేరమంటుంది. మన గ్లాసు చట్టంలో ఉంది.

ఇంకో మాట, ఇది మనలో మనకు. మాల ఇంట్లో మాదిగ, మాదిగ ఇంట్లో డక్కలి, పెళ్ళినాడు ఒకే బంతిలో కూర్చుంటున్నారా? ఊరి వలపక్షాన్ని అడిగే నోరు గేరి వలపక్షాన్నీ అడగాలి. కలిసి తిన్నంత మాత్రాన కులం పోదని, కలిసి పెళ్ళిళ్ళు జరగాలని బాబాసాహెబ్ 1936లోనే "కుల నిర్మూలన"లో తేల్చాడు. కలిసి తినడం దగ్గరే ఆగినోళ్ళం మనం పెళ్ళి దాకా ఎప్పుడు పోతాం?

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఒడ్డున కూర్చోండి, కడుపునిండా తినండి, ఫోటో పెట్టండి. వెనీలా తీపి నోట్లో పెట్టుకునేటప్పుడు ఎడ్మండ్ పేరు పక్కనోడికి చెప్పండి. లోపల గిన్నెలు కడిగే మనిషిది ఏ దేశమో అడగండి, బిల్లుతో పాటు అతనికో నమస్కారం పెట్టండి. ఊళ్ళో ఉన్నోళ్ళకు ఇంకో పని. మీ అవ్వ, మీ జేజినాయన మొదటిసారి హోటల్ బెంచీ మీద ఎప్పుడు, ఏ ఊళ్ళో కూర్చున్నారో అడిగి, వాళ్ళ మాటల్లోనే రాసి పంపండి. ఎవరు పక్కనుంటే కూర్చోగలిగారో కూడా రాయండి. అవన్నీ కలిపి ఒక చోట పెడదాం. మన ప్రాంతపు హోటళ్ళ చరిత్ర ఇంకెవరూ రాయరు.

వచ్చే భాగంలో: బడిలో మధ్యాహ్న భోజనం, వండే చేయి ఎవరిదన్న గొడవ.

జై భీమ్.
దొర్నిపాడు